తంగేడు, మల్లె, బంతి: వాటర్ కలర్ వేసేవాళ్ల సందేహాలు

ప్రశ్న: మేడమ్, బతుకమ్మకి తెచ్చిన తంగేడు, గునుగు పూలని వాటర్ కలర్‌లో లూజుగా వేద్దామని చూస్తున్నా. రేకు రేకూ వేస్తే బోటనీ రికార్డులా వస్తోంది, పోనీ స్వేచ్ఛగా వేస్తే పసుపంతా బురదైపోతోంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బురదకి కారణం చాలాసార్లు నీడేనమ్మా. పసుపుని ఎంత చిక్కగా వేసినా ముదరదు కదా, అందుకని నీడ కోసం ఊదానో నలుపునో ముంచేస్తాం, ఊదా ఏమో పసుపుకి ఎదురు రంగు, రెండూ కలిసేసరికి మట్టి రంగు తేలుతుంది. దానికి బదులు పసుపు తడిగా ఉండగానే క్వినాక్రిడోన్ గోల్డో (ముదురు బంగారు రంగు), అది లేకపోతే కొంచెం బర్న్ట్ సియెన్నా (ఇటుక లాంటి గోధుమ రంగు) కలిపిన పసుపో గుత్తి కింది వైపు తాకించి వదిలెయ్యండి, మళ్లీ బ్రష్ పెట్టొద్దు. ముదురు రంగు కావాలంటే పువ్వు వెనకాల పెట్టండి, ఆకుల పచ్చలో కాస్త నీలం కలిపి చిక్కగా వేస్తే ముందున్న పసుపు దానంతటదే వెలుగుతుంది.

ఇంకో మాట, లూజుగా అంటే ఇష్టమొచ్చినట్టు పులిమెయ్యడం కాదు, ఇది గట్టిగానే చెప్తా. తంగేడు కొమ్మ చివర గుత్తిగా పూస్తుంది, కళ్లు సగం మూసి ఆ గుత్తి మొత్తం ఎటు వంగిందో ముందు చూడండి, అంతవరకే కాగితం తడపండి, నీళ్ల మెరుపు కాస్త తగ్గాక (నీళ్లు గుంట కట్టి ఉంటే రంగు ఎటో పారిపోతుంది) ఒక నిమ్మపండు పసుపు, ఒక ముదురు పసుపు వదలండి. బాగా ఆరాక ఒకటో రెండో పూలకి మాత్రం ముడతల రేకు అంచు, మధ్యలోంచి వంగి బయటికొచ్చే కేసరాలు, పక్కన గుండ్రటి మొగ్గలు పదునుగా పెట్టండి. ఐదు రేకులూ ఒక్క పువ్వులో కనిపిస్తే చాలు, మిగతావి చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది.

గునుగుకి అసలు తడి పని వద్దు. అడుగున వెండి తెలుపు, కొసన లేత గులాబీ ఉండే కంకి అది. గరుకు కాగితం తీసుకుని, బ్రష్‌లో నీళ్లు పిండేసి, పక్కకి పడుకోబెట్టి ఒక్కసారి లాగండి, ఆ పొడిపొడి మెరుపు వచ్చేస్తుంది.

ప్రశ్న: మల్లెపూలు వెయ్యాలంటే ఏ తెలుపు కొనాలి?
– విజయవాడ

జవాబు: ఏదీ కొనక్కర్లేదండీ, కాగితమే మీ తెలుపు. వెనక లేత పచ్చ, బూడిద నీలం తడిమీద పాకించుకుంటూ వచ్చి పువ్వు దగ్గర ఆగిపోండి, కొన్ని చోట్ల ఆ రంగు పువ్వులోకి కాస్త జారినా కంగారు పడొద్దు, అంచు అక్కడక్కడా కలిసిపోతేనే గాలి ఆడినట్టుంటుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందే పూసి, ఆరాక ఒలిచేసే జిగురు) పూస్తే అంచులన్నీ కత్తిరించినట్టు వస్తాయి, ఈ పద్ధతికి నేనైతే వద్దంటా.

ప్రశ్న: మా అనంతపురం ఎండలకి తడి మీద తడి వేసేలోపే కాగితం ఆరిపోతోంది, పైగా వంకర్లు పోతోంది. మార్గం ఉందా? రంగుల్లో కూడా ఏది కొనాలో చెప్పండి.
– ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: డబ్బులు ముందు కాగితం మీద పెట్టు నాన్నా, రంగులు తర్వాత. నూరు శాతం కాటన్, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న మందపాటి) షీట్ 22×30 అంగుళాలు ఉంటుంది, దాన్ని ఎనిమిది ముక్కలు చేసుకుంటే ప్రాక్టీసుకి చక్కగా సరిపోతాయి. రెండు వైపులా తడిపి అద్దం మీదో యాక్రిలిక్ షీట్ మీదో పరిస్తే అతుక్కుని చాలాసేపు తడి నిలుస్తుంది, వంకర కూడా పోదు, ఫ్యాన్ మాత్రం ఆపాలి, వీలైతే పొద్దున్నే వెయ్యి. రంగులు కొనేటప్పుడు ట్యూబ్ మీద పిగ్మెంట్ నంబర్ చూడు, లోపల ఏ రంగు పదార్థం వాడారో ఆ కోడ్ చెప్తుంది. గులాబీ పూలకి ఒపేరా పింక్ చూడగానే మనసు లాగేస్తుంది కానీ అందులో ఫ్లోరసెంట్ డై ఉంటుంది, వెలుగు తగిలితే వెలిసిపోతుంది, పీవీ19 అనే నంబర్ ఉన్న క్వినాక్రిడోన్ రోజ్ తీసుకుంటే నిలుస్తుంది.

ప్రశ్న: నేను వేసిన బంతిపూలు చూసి మా అమ్మ "సగంలో వదిలేశావేంటే" అంటోంది. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?
– వరంగల్

జవాబు: జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే (1867–1956) సీబ్యూల్‌లో తన ఇంటి తోటలో పాపీ పూలని నీళ్లు పీల్చే జపాన్ కాగితం మీద వేసేవాడు, రంగు పాకి ఎక్కడ ఆగితే అదే రేకు, నువ్వూ అక్కడే ఆపెయ్యి, వీలైతే ఆ బొమ్మలు ఫోన్లో అయినా ఒకసారి చూడమ్మా. బంతికి ఇంకో లాభం ఉంది, రంగు సగం ఆరినప్పుడు ఒక నీటి చుక్క వదిలితే అది రంగుని పక్కకి నెట్టి ముడతల అంచు కడుతుంది, మామూలుగా అందరూ దాన్ని మచ్చ అంటారు, బంతి రేకులకి మాత్రం అదే కావాలి. ఇక అమ్మ సంగతి, బొమ్మని గోడకి ఆనించి ఆరడుగుల దూరం నుంచి చూపించు, దగ్గర్నుంచి చూస్తే ఎవరికైనా మరకలే కనిపిస్తాయి. అప్పటికీ బంతి అని పోల్చుకోలేకపోతే పువ్వు కింద ఆకుపచ్చ తొడిమ, రంపపు అంచున్న ఒక ఆకు పదునుగా వెయ్యి, రేకుల జోలికి మాత్రం మళ్లీ వెళ్లొద్దు.