విన్నిపెగ్ చలికి సిద్ధమవుతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. జనవరిలో యూనివర్సిటీ ఆఫ్ మానిటోబాలో చేరడమంటే, కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో చలి ముదిరిన వేళకి దిగడమే. ఆ నెలలో రాత్రిళ్లు సగటున మైనస్ 20 దాటుతుంది. రెంటచింతల ఎండల్లో పెరిగినదానివి, టెన్షన్ పడటం సహజమే. నేనూ ఆ ఊరినుంచే వచ్చి ఇక్కడ ఇరవై చలికాలాలు గడిపాను.

హైదరాబాద్‌లో జాకెట్ కొనొద్దు. నేను కొన్నాను. మోయలేనంత బరువు, కానీ గాలి మాత్రం దోమతెరలోంచి వచ్చినట్టు లోపలికి వచ్చేది. ఒక్క లావుపాటి కోటు కంటే మూడు పొరలు మేలు. ఒంటికి అంటుకుని థర్మల్స్, దానిమీద ఉన్ని, పైన గాలి చొరబడని పార్కా, అంటే టోపీ ఉన్న పొడవాటి చలికోటు. లోపల కాటన్ బనియన్ వద్దేవద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. చేతులకి వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కాదు, నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిటెన్స్ తీసుకో. బూట్లు కాస్త వదులుగా ఉండాలి. బిగుతైతే రక్తం సరిగా ఆడక కాలివేళ్లు ముందు చల్లబడతాయి.

పొద్దున్నే కిటికీలోంచి చూసి వాతావరణం అంచనా వేయకు. ఇక్కడ నీలాకాశం, మెరిసే ఎండ ఉన్న రోజే చంపుతుంది. మబ్బు రాత్రిపూట దుప్పటిలా నేల వేడిని కొంత ఆపుతుంది, నిర్మలమైన ఆకాశం ఆపదు. ఫోన్‌లో ఉష్ణోగ్రతతో పాటు విండ్ చిల్, అంటే గాలి వల్ల ఒంటికి ఎంత చలిగా తగులుతుందో, అదీ చూడు. మైనస్ 25 ఉన్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 39లా ఉంటుంది. మైనస్ 40 దాటితే బయటికి కనబడే చర్మం పది నిమిషాల్లోపే గడ్డకట్టొచ్చు. చుట్టూ చదునైన మైదానం, దగ్గరలో సముద్రం లేదు, ఉత్తర ధ్రువం నుంచి వచ్చే గాలికి అడ్డేముంది! డౌన్‌టౌన్‌లో పోర్టేజ్, మెయిన్ కలిసే కూడలిలో ఒకసారి నిలబడితే నీకే తెలుస్తుంది. క్యాంపస్‌లో మాత్రం చాలా భవనాల మధ్య సొరంగ దారులున్నాయి. మొదటి వారమే వాటిని తెలుసుకో.

మొదటి ఏడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. బస్సు తప్పిపోయి, చేతులకేమీ తొడుక్కోకుండా నిలబడ్డాను. వేళ్లు తెల్లబడి మొద్దుబారాయి. ఇంటికొచ్చి మరిగే నీళ్లలాంటి వేడినీళ్ల కింద పెట్టాను. స్పర్శే లేదు కాబట్టి కాలుతున్నట్టు తెలియలేదు, బొబ్బలెక్కాయి. అలా జరిగితే రుద్దకు, హీటర్ దగ్గర పెట్టకు. గోరువెచ్చని నీళ్లలో ఉంచు. రంగు, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇంట్లో హీటింగ్ వల్ల గాలి ఎండిపోతుంది. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం రావచ్చు, తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొడుతుంది. కొబ్బరినూనె సీసా ఒకటి పెట్టుకో. పార్కింగ్‌లో ప్రతి కారు ముందూ ప్లగ్గు చూసి అన్నీ ఎలక్ట్రిక్ కార్లనుకునేవు, అది ఇంజిన్ గడ్డకట్టకుండా పెట్టే హీటర్‌కి.

ఎయిర్‌పోర్టుకి పార్కా, బూట్లు నేనే తెస్తాను. నీ చెప్పుల సైజు ఇవాళే మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న