మొదటి పది రోజుల గురించి ఒక ఉత్తరం

చిరంజీవి బాబుకు, పర్లాకిమిడి నుండి నీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి కోడలు ఫోన్ చేసింది. తాగుడు మానడానికి వైద్యం చేయించుకోవాలని నువ్వు నిశ్చయించుకున్నావనీ, అయితే ఎక్కడా చేరకుండా ఆఫీసుకు వెళ్ళివస్తూనే ఓపీలో చూపించుకుంటానని పట్టుబడుతున్నావనీ చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరు అడగకుండా తనంతట తాను ఆ మాట అన్న మొదటి మగవాడివి నువ్వే. విన్న క్షణం ఛాతీ ఉప్పొంగింది. ఆ తర్వాత మాత్రం తెల్లవారే వరకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఫోనులో చెప్పే ధైర్యం నాకు లేదు కాబట్టి కాగితం తీశాను.

తేలికైన విషయాలు ముందు చెప్పేస్తాను. డాక్టరు దగ్గరకు కోడలిని వెంట తీసుకువెళ్ళు. రోజుకు ఎంత పడుతోందో సగానికి తగ్గించి చెప్పకు. రక్తపరీక్ష, కాలేయం పరీక్ష ఏది రాసినా చేయించుకో. సెలవు దొరకదని ముందే ఊహించుకోకుండా ఒకసారి నోరు తెరిచి అడుగు.

ఇక నువ్వు వాట్సాప్‌లో పంపిన అమెరికా అధ్యయనం. దానిని మన వీధి మాస్టారి చేత చదివించుకుని, అర్థం కాని చోట రెండుసార్లు చెప్పించుకున్నాను. 1989లో అచ్చయిన ఆ అధ్యయనంలో 164 మంది మగవాళ్ళను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును వార్డులో ఉంచి, రెండో జట్టును ఇంటి నుండే తిప్పి, మానిన తొలి రోజుల బాధలు తగ్గేవరకు మందులిచ్చారు. వార్డులో ఉన్నవారిలో నూటికి 95 మంది, ఇంటి నుండి తిరిగినవారిలో నూటికి 72 మంది ఆ దశను పూర్తిచేశారు. ఆరు నెలలు గడిచాక చూస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, ఖర్చు మాత్రం ఇంటి జట్టుకు ఎన్నో రెట్లు తక్కువ. నువ్వు ఈ చివరి మాట కింద గీత గీసి పంపావు. నాకు అంతకంటే ముందున్న మాట ముఖ్యంగా కనబడింది: వాళ్ళు తీసుకున్నది బాధలు స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్నవారిని మాత్రమే. నువ్వు ఆ 164 మందిలో ఒకడిగా చేరదగినవాడివా అన్నది ముందు తేలాలి కదా.

పోయిన కార్తీకంలో నెలంతా నియమంగా ఉంటానని పాడ్యమి నాడు ఒక్కసారిగా ఆపేశావు. విదియ సాయంత్రం స్నానాలగదిలో పడ్డావు. సబ్బు మీద కాలు జారిందని అందరికీ చెప్పావు, నేనూ నమ్మాను. నిన్న కోడలు చెప్పిందేమిటంటే, ఆ రోజు నీ నాలుక అంచు తెగి ఉందట, లేపిన తర్వాత అరగంటసేపు ఈ రోజు ఏ వారమని పదే పదే అడిగావట. సబ్బు మీద జారినవాడు నాలుక కొరుక్కోడు బాబూ. అది ఫిట్స్ అయి ఉంటుందని నా అనుమానం. ఇప్పుడేమో పొద్దున్నే ఒక మూత పడితే గాని చేతుల వణుకు ఆగడం లేదనీ, టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటున్నావనీ చెప్పింది. డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పవలసినవి ఈ రెండూ. నువ్వు దాచితే కోడలు చెబుతుంది, చెప్పమని నేనే ఆమెకు ఆజ్ఞాపించాను. దానికి ఆమె మీద కోప్పడితే ఊరుకోను.

ఇంత పట్టుదల దేనికంటావా? మీ నాన్న మెదడువాపు జ్వరంతో పోయాడని నీకు చిన్నప్పటి నుండి చెబుతూ వచ్చాం. అది నిజం కాదు.

మీ నాన్న చేతిలో పనితనం ఉండేది. మన ఊరి కొమ్ము పని గురించి నీకు తెలుసు. గేదె కొమ్మును కాచి, వంచి, ఆకురాయితో అరగదీసి వాడు చేసిన కొంగలు నిలబెడితే ఎగిరిపోతాయేమో అన్నట్టు ఉండేవి. 1995 జనవరిలో ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాక సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుండి సాయంత్రమయ్యేసరికి జనం ఒడిశాలో ఉన్న మన ఊరి మద్యం దుకాణాలకు వచ్చేవారు. వాళ్ళలో వాడికి స్నేహితులుండేవారు. వాళ్ళతో కూర్చోవడం మొదట వారానికి ఒకసారి, తర్వాత రోజూ, ఏడాది తిరిగేసరికి పొద్దున పళ్ళు తోముకోక ముందే అయింది. ఆకురాయి పట్టుకునే చెయ్యి వణకడం మొదలయ్యాక కొంగల మెడలు విరిగిపోయేవి.

1996 వేసవిలో మీ మేనత్త పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు టెక్కలి నుండి చిన్నరైలులో దిగుతారు, ఆడపిల్ల అన్నగా వీడు స్టేషనుకు వెళ్ళి ఎదుర్కోవాలి. ఇంకా పన్నెండు రోజులు ఉందనగా నాకొక ఉపాయం తోచింది. వెనుక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేస్తే అయిదు రోజుల్లో ఆ పాడు అలవాటు దిగిపోతుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఊరికి తెలిస్తే పెళ్ళి చెడుతుందని భయం. వాడు లోపలికి వెళ్ళేటప్పుడు ఎదురు తిరగలేదు కూడా. 'అన్నయ్యా, సాయంత్రానికి ఒక్క గ్లాసు ఇవ్వు, మెల్లగా తగ్గించుకుంటాను' అన్నాడు. ఆ మాటలో ఉన్న తెలివి నా పెద్దరికంలో లేకపోయింది.

మొదటి రోజు చెమటలు, వాంతులు. కిటికీలోంచి మజ్జిగ అందించి, గెలుస్తున్నాననుకున్నాను. రెండో రాత్రి కిటికీ దగ్గరకు వెళ్ళేసరికి వాడు చాప మీద కూర్చుని ఎడమచేతిలో లేని కొమ్మును పట్టుకుని, కుడిచేతిలో లేని ఆకురాయితో అరగదీస్తున్నాడు. మధ్యమధ్య పొడిని నోటితో ఊదుతున్నాడు. ఎప్పుడో పోయిన మా నాన్నగారిని పేరు పెట్టి పిలిచి, ఇది సరిపోయిందా అని అడుగుతున్నాడు. నేను దానిని నటన అనుకున్నాను. తెల్లవారుజామున తలుపుకు ఏదో తగులుతున్న చప్పుడు వినబడింది. తలుపు తన్ని నన్ను బెదిరిస్తున్నాడనుకుని, ఇప్పుడు లొంగితే ఇన్నాళ్ళ పట్టు పోతుందని పక్కకు తిరిగి పడుకున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. చప్పుడు ఆగిన తర్వాతే లేచాను.

జీపులో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారు ఎప్పుడు తాగాడని అడిగితే, 'రెండు రోజులు దాటిపోయిందండీ, చుక్క ముట్టనివ్వలేదు' అని నేను గొప్పగా చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపి నా వైపు చూసిన చూపు ఈ రోజుకూ నా ముందే ఉంది. మర్నాడు సాయంత్రం మీ నాన్న పోయాడు. నీకప్పటికి పద్నాలుగు నెలలు. మీ అమ్మకు అంతా తెలుసు, కానీ పోయేవరకు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ డాక్టరుగారే తర్వాత నాకు వివరించారు. రోజూ తాగేవాడి మెదడు మత్తుకు ఎదురు నెట్టడానికి అలవాటు పడి ఉంటుందట, మందు ఒక్కసారిగా ఆగిపోతే ఆ నెట్టుడంతా అదుపు తప్పుతుందట. వణుకు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి, మతి చలించి లేనివి కనబడడం రెండో రోజు నుండి నాలుగో రోజు లోపల. ఒకసారి ఫిట్స్ వచ్చినవాడికి మళ్ళీ మానినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. దీనికి మందు ఉంది: మెదడును శాంతపరిచే మాత్రలను సరైన మోతాదులో మొదలుపెట్టి వారం రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు, బి1 విటమిన్ సూది వేస్తారు. ఆ మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు, వాటి మీద తాగితే ప్రాణానికే ముప్పు.

అందుచేత నా మాట ఇది: మొదటి వారం పది రోజులు వార్డులో ఉండు, ఆ పైన ఏడాదికి తక్కువ కాకుండా నువ్వు కోరుకున్నట్టే ఓపీకి తిరుగు. మూడు నెలలు, ఆరు నెలలు ఎక్కడో కేంద్రంలో ఉండిపొమ్మని నేననను. ఇంట్లో తాగేవాళ్ళ మధ్యనే బతకవలసినవారికీ, చూసే దిక్కు లేనివారికీ, ఓపీలో రెండు మూడు సార్లు ప్రయత్నించి మళ్ళీ పడినవారికీ అది అవసరం. నీకు కోడలు ఉంది, ఉద్యోగం ఉంది. అయితే ఓపీ సరిపోక రేపు కేంద్రంలో చేరవలసి వస్తే దానిని ఓటమిగా లెక్కపెట్టుకోవద్దు. మాట్లాడి, పరీక్షించిన డాక్టరు ఇంటి దగ్గరే మందులు చాలంటే ఆయన మాటే పైమాట, నాది కాదు. అప్పుడు మాత్రం తొలి అయిదు రాత్రులు నేను వచ్చి నీ మంచం పక్కన కూర్చుంటాను, వద్దనకు.

బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం నీ ఇంటికి దగ్గరలోనే ఉంది. అక్కడ ఎవరైనా చూస్తారని నీకు సిగ్గు అని కోడలు అంది. దుకాణం ముందు ఎవరైనా చూస్తే లేని సిగ్గు ఆసుపత్రి ముందు ఎందుకు? సరే, కసురుకోవడం ఆపుతాను. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. ప్రైవేటు కేంద్రమైతే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు ఉందో లేదో అడిగి, కాగితం చూడు. 2017 చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం, ఒంటరిగా గదిలో బంధించడం నిషిద్ధం. నేను చేసిన పనిని చట్టమే నేరంగా చూస్తోందని ఆ సంగతి తెలిసిన రోజున చాలాసేపు కూర్చుండిపోయాను. ఇంటివారిని కలవడానికి వీల్లేదని చెప్పే చోటికి అడుగు పెట్టకు.

కౌన్సెలింగ్ ఏ భాషలోనన్నదీ చూసుకో. నీకు ఒడియా బాగానే వచ్చు, బడి చదువు అందులోనే కదా. కానీ కోడలు నరసన్నపేట పిల్ల, ఆమెకూ ఆ మాటలు అందాలి. కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడే రోజున తెలుగు వచ్చినవారు ఉంటారేమో ముందే అడుగు.

ఇంకొకటి. ఎవరో కోడలికి తాగుడు మాన్పించే పొడి ఉందని, నీకు తెలియకుండా సాంబారులో కలపమని చెప్పారట. నేను గట్టిగా వద్దన్నాను. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ వంటి మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. డాక్టరు చెప్పి, నువ్వు ఒప్పుకుని వేసుకుంటేనే అది మందు. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటివీ ఉన్నాయి, నీకు ఏది తగునో వాళ్ళు చూస్తారు.

వార్డు నుండి వచ్చిన మొదటి నెలలో మీ బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రకో, నీ శనివారం స్నేహితుల గదికో వెళ్ళకుండా ఇక్కడికి రా. మీ పెద్దమ్మ నీకోసం వెనుక గదికి సున్నం వేయించింది. మీ నాన్న పూర్తిచేయని కొంగ ఒకటి ఆ గూట్లోనే ఉంది, మెడ దాకా నునుపుగా ఉంటుంది, కాళ్ళు ఇంకా మొరటుగానే ఉన్నాయి. ఆ తలుపు బయటి గొళ్ళెం నేను ఆ ఏడాదే పీకేశాను, చెక్కకు నాలుగు మేకుల చిల్లులు మాత్రం మిగిలాయి. లోపలి గడియ బిగుసుకుపోయి ఉంటే నిన్న కొబ్బరినూనె వేసి సరిచేశాను.

ఇట్లు,
నీ పెదనాన్న