రైవస్ కాలువలో నల్లనీళ్లు: ఫిర్యాదు నిలవాలంటే

విజయవాడ మీదుగా పారే రైవస్ కాలువలో నల్లనీళ్లు వస్తున్నాయని ఫొటోలు పంపి ఫిర్యాదు చేసినా, అధికారులు వచ్చేసరికి నీళ్లు మామూలుగా ఉంటున్నాయని కొందరు అడిగారండీ. ఫొటో ఒక్కటే చాలదు. మురుగు వదులుతోందని అనుమానమున్న గొట్టానికి ఎగువన, దిగువన ఒకే పూట నీళ్లు పట్టి, వాటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఎంతో చూడండి, మురుగు కలిస్తే అది తగ్గుతుంది. తెల్లవారుజామునే చూడాలి, ఎండెక్కితే నాచు ఆక్సిజన్ వదిలి అంకె పెంచేస్తుంది. దిగువన మాత్రమే లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గిందా, గొట్టం మీద అనుమానం బలపడినట్టే. సీసా నిండా పట్టండి, బుడగ ఉండకూడదు. (మొదట్లో మేం సగం సీసాలు మోసుకొచ్చి నవ్వులపాలయ్యాం.)

అసలు అదను వేసవిలో కాలువకు నీళ్లు ఆపేసినప్పుడు. గట్టు వెంట నడిస్తే నీళ్లలో దాక్కున్న గొట్టాలన్నీ బయటపడతాయి. లొకేషన్‌తో సహా రాసిపెట్టుకోండి. ఆ జాబితా జతచేసి, 1974 నీటి చట్టం పేరు రాసి, కాలుష్య నియంత్రణ మండలికి కాగితం మీద ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి.