ఆ నోట్సును మీ విద్యార్థి ఫోన్ చదవగలదా?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం వాళ్లకు ఎకనామిక్స్ చెబుతాను. ఈ ఏడాది నా క్లాసులో చూపు లేని అబ్బాయి ఒకడున్నాడు. అందరికీ పంపినట్టే అతనికీ నోట్సు పీడీఎఫ్‌లు పంపుతున్నాను. ఫోన్ వాటిని చదవడం లేదట, ఫ్రెండు చదివి వినిపిస్తున్నాడు. అతని కోసం పాఠాలన్నీ ఆడియో రికార్డు చేయమంటారా? అన్ని యూనిట్లు ఎప్పటికి అవుతాయోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ అధ్యాపకురాలు, నంద్యాల

జవాబు: రికార్డింగ్ పని పెట్టుకోకండి మేడమ్. నేను పుట్టుకతోనే చూపు లేనిదాన్ని, నా డిగ్రీ పాఠాలు కూడా ఫ్రెండ్సే చదివి వినిపించారు. ఆ స్నేహం గొప్పదే. కానీ పరీక్ష ముందు రోజు రాత్రి ఆ ఫ్రెండు కూడా చదువుకోవాలి కదా! ఇక ఆడియో అంటారా, గంటసేపు సాగే రికార్డింగులో ఒక నిర్వచనం ఎక్కడుందో వెతుక్కోవడం నరకం. స్పెల్లింగ్ అసలే తెలియదు. అతనికి కావలసింది అక్షరాలు. అక్షరాలుంటే చదివి వినిపించడానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంది, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ ఉంది. తెర మీది అక్షరాలను ఇలా చదివి వినిపించే వాటిని స్క్రీన్ రీడర్లు అంటారు. రెండూ తెలుగు చదువుతాయి.

మరి మీ పీడీఎఫ్‌ను ఎందుకు చదవడం లేదు? ఇప్పుడే ఒక పరీక్ష చేయండి. ఫైలు తెరిచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. కాపీయే కాకపోతే అది ఫొటో. ఎవరో పేజీలను ఫోన్‌తో స్కాన్ చేసి పెట్టారన్నమాట. లైను కాపీ అయి, పేస్ట్ చేసినచోట ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, ప్లస్ గుర్తులు కలగాపులగంగా పడ్డాయా? అయితే అది 'అను' లాంటి పాత డీటీపీ ఫాంటులో కొట్టిన మేటర్.

ఈ రెండో రకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు మీడియం పిల్లలకు నేను చూసినంతలో అతి పెద్ద అడ్డంకి ఇదే. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో పెట్టారు. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది. కంప్యూటర్ లోపల మాత్రం ఉన్నది ఇంగ్లిషు అక్షరాలే కాబట్టి స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. పేజీ పొడవునా అర్థం లేని చప్పుళ్లు వినడం ఎలా ఉంటుందో ఊహించండి. డీటీపీ సెంటర్‌లో టైపు చేయించేటప్పుడు 'యూనికోడ్‌లో కొట్టండి' అని ముందే చెప్పండి. యూనికోడ్ అంటే కంప్యూటర్ లోపల కూడా తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే ఉంచే పద్ధతి. పాత మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి సరిచూసుకోవాలి.

యూనికోడ్‌లో ఉన్నా పీడీఎఫ్ చేసేసరికి తెలుగు ఒత్తులు చెదిరిపోతుంటాయి. అందుకే పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా గ్రూపులో పెట్టమంటాను. అతనొక్కడికే కాదు, అందరికీ పెట్టండి. చిన్న ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకుని చదివేవాళ్లకూ అదే సుఖం.

అచ్చు పేజీల స్కాన్లయితే గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని తెలుగును చాలావరకు అక్షరాలుగా మార్చి ఇస్తుంది. చేతిరాత నోట్సు దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. మీ రాతను మీరే చూసి పైకి చదవండి, ఫోన్‌లో గూగుల్ వారి జీబోర్డ్ కీబోర్డ్ మీద మైకు నొక్కితే తెలుగులో టైపు అవుతుంది. తప్పులు దిద్దుకుంటే చాలు, పైగా ఆ ఫైలు వచ్చే ఏడాదీ పనికొస్తుంది.

శీర్షికల్ని బోల్డ్ చేసి సైజు పెంచి వదిలేయకండి. వర్డ్‌లో హెడింగ్ స్టైల్ ఇవ్వండి. అప్పుడు ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి అతను ఒక్క మీటతో దూకగలడు. పట్టికను ఫొటోగా కాకుండా పట్టికగానే పెట్టండి.

మీ సబ్జెక్టులో అసలు పని గ్రాఫుల దగ్గరే. వర్డ్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అని వస్తుంది, బొమ్మలో ఏముందో మాటల్లో రాసే చోటు అది. అందులో 'డిమాండ్ రేఖ' అని రాసి ఊరుకుంటే అతనికి ఏమీ అందదు. ఇలా రాయండి: 'అడ్డ అక్షం మీద పరిమాణం, నిలువు అక్షం మీద ధర. ధర 10 రూపాయలైతే కొనేది 50 కిలోలు, 20 రూపాయలైతే 30 కిలోలు. రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతుంది.' క్లాసులో బోర్డు మీద గీసేటప్పుడు కూడా 'ఇక్కడి నుంచి ఇక్కడికి' అనకుండా ఇవే మాటలు పైకి అనండి.

పాఠ్యపుస్తకాన్ని ఇలా మారిస్తే కాపీరైట్ గొడవ వస్తుందేమోనని భయం వద్దు. వైకల్యమున్నవాళ్లు చదువుకోవడానికి వీలుగా పుస్తకాన్ని మార్చి ఇవ్వవచ్చని 2012లో చట్టాన్ని సవరించారు. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో అతన్ని సభ్యుడిగా చేర్పించండి, కావలసిన పుస్తకం అక్కడ ఉన్నా ఉండవచ్చు. ప్రిన్సిపాల్ గారు 'ఒక్కడి కోసం ఇంతా?' అంటే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని గుర్తు చేయండి. డిజిటల్ సౌకర్యాలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

మొదటి ఫైలు తయారు కాగానే ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అతని ఫోన్‌లోనే వినండి. ఎక్కడ తడబడుతోందో అతనే చెబుతాడు. నాకు చూపించే ముందు అతనికి చూపించండి.

ప్రశ్న: మా అమ్మాయికి వినపడదు. ఇంటర్ చదువుతోంది. కాలేజీవాళ్లు పాఠాల వీడియోలు పంపుతున్నారు, కింద అక్షరాలేమీ రావు. ఏం అడగాలి?
– ఓ తండ్రి, సూర్యాపేట

జవాబు: సార్, రెండు విషయాలు అడగండి. వీడియోకు క్యాప్షన్లు పెట్టమనండి. అది వెంటనే కాకపోతే పాఠాన్ని టైపు చేసి వీడియోతో పాటే పంపమనండి, వారం తర్వాత కాదు. చెప్పే లెక్చరర్ ముఖం వెలుతురులో, కెమెరా వైపు ఉండాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలిక కూడా పాపకు అందదు. అమ్మాయికి సైగల భాష వస్తే, భారతీయ సైగల భాషా కేంద్రం 2021లో తెచ్చిన 10,000 పదాల వీడియో నిఘంటువు చూపించండి. అందులో చదువుకు సంబంధించిన పదాలూ ఉన్నాయి. అడిగేది కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.