యూనియన్ చందా దండగా? నాకు మాత్రం ఒక భాగహారం నేర్పింది

“బట్టల షోరూంలో పనిచేస్తున్నాను. యూనియన్‌లో చేరమంటున్నారు. నెలనెలా చందా దండగ కాదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి” అని విజయవాడ నుంచి ఒకరు అడిగారు.

షోరూం సంగతి నాకు తెలియదు. నేను గుంటూరు శివార్లలోని ఒక స్పిన్నింగ్ మిల్లులో 1995 డిసెంబరు నుంచి 2014 ఆగస్టు దాకా నూలు వడికే రింగ్ ఫ్రేముల మీద పనిచేశాను. ఆ హోరులో అంతకాలం ఉన్నవాడు ఇంట్లో ఉప్పు అడిగినా పక్క వీధికి వినపడుతుంది. నా రాతలోనూ ఆ కేక ఉంటే ఏమీ అనుకోకండి.

మొదట్లో నేనూ మీలాగే అనుకున్నాను. చందా అప్పట్లో ఐదు రూపాయలు, చివరికి ఇరవై. జీతాల రోజున గేటు దగ్గర రసీదు పుస్తకంతో నిలబడేవాళ్లు. సైకిలు దిగకుండా తప్పించుకుపోయిన నెలలూ ఉన్నాయి. పైగా మా ఒక్క మిల్లుకే మూడు జెండాలు. ఏవో చెప్పను, మళ్లీ గొడవ. 1926 నాటి చట్టం ప్రకారం అప్పట్లో ఏడుగురు కలిస్తే యూనియన్ నమోదు చేసుకునే వీలుండేది. మనవాళ్లకు ఏడుగురు దొరకడం ఎంతసేపు! 2001లో సవరణ చేసి పని చేసేవాళ్లలో పదో వంతో, వంద మందో ఉండాలన్నారు. అప్పటికే మా గేటు దగ్గర జెండా కర్రలు పాతుకుపోయాయి. మేడే వస్తే మూడు జెండాలవాళ్లూ వచ్చి చందా అడిగేవాళ్లు.

ఇక అసలు సంగతి. 2014 ఆగస్టులో నేను మానేసేటప్పుడు మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 9,360 రూపాయలు. గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు మానేసేటప్పుడు యజమాని ఇచ్చే డబ్బు, 84,240 అని లెక్క కట్టి, “ఇక నాకు ఎలాంటి బాకీ లేదు” అని రాసిన కాగితం చేతికిచ్చి సంతకం పెట్టి తెమ్మన్నారు. నాకు అంత డబ్బు ఒక్కసారి చేతికి రావడం అదే మొదలు. పెట్టేద్దామనే అనుకున్నాను. గేటు ఎదురుగా టీ కొట్టులో కలం కోసం వెతుక్కుంటుంటే మా యూనియన్ కార్యదర్శి ఎదురయ్యాడు. కాగితం చదివాడు. ఏమీ మాట్లాడకుండా గోడకున్న క్యాలెండరు మేకు నుంచి తీసి నా ముందు పెట్టాడు.

“తమ్ముడూ, ఈ నెలలో ఆదివారాలు లెక్కపెట్టు.”

ఎర్ర అంకెల మీద గోరు పెట్టి లెక్కపెట్టాను. 3, 10, 17, 24, 31. ఐదు.

“31లో ఐదు పోతే?”

“ఇరవై ఆరు, అన్నా.”

“మరి వీళ్లు ముప్పైతో ఎందుకు భాగించారు?”

ఆదివారాలు నాలుగున్నా ఐదున్నా, నెల జీతగాడికి రోజు కూలి తేల్చడానికి గ్రాట్యుటీ చట్టం చెప్పేది 26తోనే భాగించమని. అలా చూస్తే రోజుకు 360. వాళ్లు 312 వేశారు. ఏడాదికి పదిహేను రోజుల జీతం సరిగ్గానే రాశారు, కానీ నా సర్వీసు 18 ఏళ్ల 8 నెలలైతే 18 ఏళ్లే అన్నారు. ఆరు నెలలు దాటిన ముక్కను నిండు ఏడాదిగా తీసుకోవాలి. టీ మరక పడ్డ కాగితం వెనక ఆయన లెక్క వేశాడు: 360, పదిహేను, పంతొమ్మిది. 1,02,600. అంటే నా సంతకం ఖరీదు 18,360 రూపాయలు!

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. నినాదాలు లేవు, ధర్నా లేదు. లెక్కల గుమాస్తా “మా పద్ధతి ఇదే” అన్నాడు. కార్యదర్శి కుర్చీలో కూర్చుని, “ఆ మాటే కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వండి, చాలు” అన్నాడు. ఆ కాగితం రాలేదు. పన్నెండో రోజున పూర్తి డబ్బుకు చెక్కు వచ్చింది. అన్నేళ్లలో నేను కట్టిన చందా మొత్తం మూడు వేలు దాటదు.

యూనియన్ అనగానే అందరికీ సమ్మె, ఊరేగింపు గుర్తొస్తాయి. నా లెక్కలో అది 26తో భాగించడం తెలిసిన మనిషి. అలాంటివాడు లేనిచోట యజమాని తనంతట తాను సరైన లెక్క ఇస్తాడంటే నేను నమ్మను. మా ఆవిడ ఎనిమిది సీజన్లు పొగాకు గ్రేడింగుకు వెళ్లింది. సీజను పనివాళ్లకు సీజనుకు ఏడు రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఉంది. ఆమెకు పైసా రాలేదు. హాజరు పుస్తకంలో ఆమె పేరే లేదట! అక్కడ చందా అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ చందా డబ్బు మాత్రం మిగిలింది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, వచ్చాయి. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ అంటున్నారు. ఆటోనగర్‌లో అలాంటి పనే చేస్తున్న మా మేనల్లుడికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. ఫోనులో మాత్రం ప్రపంచమంతా చూస్తాడు. జీతం చీటీ ఏదిరా అంటే, “డిలీట్ అయింది, మామయ్యా” అన్నాడు.

చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకు ఒక్క సంగతి చెప్పండి. పండగ సీజనులో షోరూంలు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి కదా, మీకు వారపు సెలవు ఏ రోజున ఇస్తున్నారు?