ఆకుపచ్చ కాయ పుప్పొడి అద్దినా గుమ్మడి నారింజగానే కాసిందేం?

మీ పరాగసంపర్కం ఫలించింది, దిగులు పడకండి. నారింజ కాయ కాసే తీగ ఆడపువ్వుకి ఆకుపచ్చ కాయ తీగ పుప్పొడి అద్దారు, కాయేమో అచ్చం తల్లి రంగులోనే వచ్చిందంటున్నారు. అలాగే రావాలి. కాయ తొక్క, కండ రెండూ తల్లి అండాశయం గోడ పెరిగి తయారైనవే. పువ్వు విచ్చకముందే దాని అడుగున బుల్లి పిందె కనిపిస్తుంది కదా, అదే ఆ గోడ. తండ్రి వాటా ఉండేది గింజ లోపలి పప్పులో మాత్రమే. గింజ పైపెంకు కూడా తల్లిదే. మీరు చేసిన సంకరం రంగు తెలియాలంటే ఆ గింజలు నాటి, వాటి తీగలకు కాసే కాయలు చూడాలి.

భారీ గుమ్మడులు పెంచేవాళ్లు ప్రతి గింజకీ తల్లి, తండ్రి ఎవరో రాసిపెట్టుకునేది ఇందుకే. గింజ పేరు కాయ బరువుతో మొదలవుతుంది. 2012లో అమెరికా పెంపకందారు రాన్ వాలెస్ కాయ 2,009 పౌండ్లు, అంటే సుమారు 911 కిలోలు తూగింది. 2,000 పౌండ్లు దాటిన మొదటి గుమ్మడి అది. '2009 వాలెస్' అని కనిపిస్తే అది ఏడాది అనుకోకండి, బరువు.

ఇక ఆ గింజలు నాటితే ఏ రంగు వస్తుందని అడిగారు. ఈ భారీ కాయల జాతి కుకుర్బిటా మాక్సిమా. ఎర్ర తొక్కనిచ్చే ఒక జన్యువు ఆకుపచ్చ మీద బహిర్గతమనీ (రెండూ కలిస్తే ఎరుపే పైకి కనిపిస్తుంది), నీలం రంగు ఆకుపచ్చకి అంతర్గతమనీ (రెండూ కలిస్తే నీలం దాగిపోతుంది) శాస్త్రజ్ఞులు ఎప్పుడో నమోదు చేశారు. అయితే ఆ లెక్క పట్టుకుని మన తీగల దగ్గరికి వెళ్తే సరిపోదు. తొక్కలో పత్రహరితం ఎంత మిగులుతుంది, పసుపు, నారింజ రంగులిచ్చే కెరోటినాయిడ్లు ఎంత పేరుకుంటాయి అన్నవి రెండు వేర్వేరు సంగతులు. అందుకే నారింజకీ పచ్చకీ మధ్య మీగడ రంగు, లేత పసుపు, పచ్చ చారలు, బూడిద రంగు ఎన్నో ఛాయలు వస్తాయి. పైగా తరతరాలుగా బరువు కోసమే ఎంచుకుంటూ, దేనితో పడితే దానితో కలుపుతూ వచ్చిన వంశాలివి. కాయ నిండు నారింజగా ఉన్నంత మాత్రాన ఆ తీగలో పచ్చ రంగు జన్యువులు లేవని చెప్పలేం. ఒకే కాయ గింజలు ఒకే మడిలో నాటితే ఒక తీగకి ముదురు నారింజ, పక్క తీగకి మీగడ రంగు కాయడం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ పెంపకందార్లు ఒక తొందరపాటు చేస్తారు. బరువు కోసం తీగకి ఒక్క కాయే ఉంచుతారు, చోటు చాలక ఒకటో రెండో తీగలు వేస్తారు, ఆ ఒక్క కాయని చూసి 'ఈ గింజ నారింజ ఇస్తుంది' అని తేల్చేస్తారు. ఒక తీగతో ఏమీ తెలియదు. నేను రంగు పరీక్షకి వేరే మడి పెడతాను: దగ్గర దగ్గరగా చాలా గింజలు నాటి, తీగకి ఒక చిన్న కాయ నిలిస్తే చాలనుకుంటాను. ఒక తీగ కాయలన్నిటికీ తొక్క రంగు జన్యువులు ఒకటే కాబట్టి పెద్ద కాయ అక్కర్లేదు. నా తీగల్లో పువ్వు విచ్చేనాటికే చాలావరకు తెలిసిపోతుంది. పిందె పసుపుగా ఉంటే నారింజ వైపు, ఆకుపచ్చగా ఉంటే పచ్చ వైపు. నారింజ ఎంత ముదురో మాత్రం కాయ పండే దాకా తేలదు.

వంశం నిలకడ తెలియాలంటే తీగ సొంత మగపువ్వుతోనే దాని ఆడపువ్వుని కలపండి. గుమ్మడి దీన్ని బాగానే తట్టుకుంటుంది. విచ్చబోయే మొగ్గల్ని, ఆడా మగా రెంటినీ, ముందురోజు సాయంత్రమే కట్టేయండి, లేకపోతే తెల్లారేసరికి తేనెటీగలు మీకంటే ముందు వచ్చేస్తాయి. ఇంకో మాట, కాయ మీద నీడకోసం గుడ్డ కప్పితే రంగు పాలిపోతుంది. ఆ పాలిపోవడం గింజలకి రాదు, దాన్ని చూసి గింజలు పారేయకండి.

పచ్చ కాయే మీ లక్ష్యమైతే అది చిన్న లక్ష్యం కాదు. పోటీల్లో ఆకుపచ్చ, బూడిద, నీలం కాయల్ని 'స్క్వాష్' అని వేరే తూస్తారు. 2017లో అమెరికాకే చెందిన జో జుత్రాస్ ఆకుపచ్చ కాయ 2,118 పౌండ్లు, సుమారు 960 కిలోలు తూగింది. ఈ సంకరం గింజల్లో పచ్చ పిందె వేసిన తీగల్ని మళ్లీ పచ్చ తీగతో కలిపి చూడండి. ఈసారి పచ్చదాన్నే తల్లిగా పెట్టండి, కాయ మీదే మీకు కావలసిన రంగు ఉంటుంది, గింజలు కూడా ఆ వైపుకే మొగ్గుతాయి.