గులకరాయిని ఎవరు తింటారు?

ప్రశ్న: చంద్రగిరి దగ్గర పల్లె బడిలో ఐదో తరగతికి చెబుతున్నాను. ఆవరణ వ్యవస్థ పాఠానికి బోర్డు మీద బాణాలు గీస్తుంటే పిల్లలు ఆవలిస్తున్నారు. బయట ఆడించి నేర్పడమెలా?

జవాబు: బాణాలు నేనూ చాలా ఏళ్లు గీశానమ్మా, సుద్దముక్కలు అరిగాయంతే. పిల్లల్ని వేపచెట్టు కిందికి తీసుకెళ్లండి. రాలిన పండు, గోరింక ఈక, ఎండుటాకు, ఏది దొరికితే అది ఏరుకోమనండి. గుండ్రంగా కూర్చోబెట్టి, పురికొస ఉండ వేపపండు పిల్లకివ్వండి. ‘నిన్నెవరు తింటారు?’ ‘గోరింక!’ కొస అటు పోతుంది. గోరింక వదిలిన గింజ మట్టికి, మట్టి మళ్లీ చెట్టుకు. వల అల్లాక ఒకరు లాగితే, ఎవరి చేతికి తగిలిందో వాళ్లు చెయ్యెత్తాలి.

మా వాడొకడు గులకరాయి తెచ్చి, ‘నన్నెవరూ తినరు సార్’ అని ముఖం మాడ్చుకున్నాడు. అది తీసిన చోటికే వెళ్లి చూశాం. చెమ్మలో రెండు రోకలిబండ పురుగులు చుట్ట చుట్టుకుని ఉన్నాయి. అవి ఎండుటాకులు తింటాయి. వాటికి నీడ ఆ రాయే కదా, వాడికీ కొస దొరికింది!

రాళ్లు పుల్లతోనే కదపండి, తేళ్లుంటాయి. ఆట అయ్యాక రాయి దాని చోటే పెట్టించండి. శేషాచలం అడవిలోకి మాత్రం ఏరడానికి వద్దు, అది 2010 నుంచి జీవావరణ రిజర్వు, అంటే అక్కడి మొక్కల్నీ జంతువుల్నీ కాపాడే చోటు. బడి ఆవరణే బోలెడు.